ఖాళీ గిన్నె బరువు

మెట్ల మీద అడుగుల చప్పుడు వినగానే, పొయ్యి దగ్గర్నుంచి కదలకుండానే, "ఇవాళ చేపలొద్దమ్మా, రేపు రా" అని కేకేశాను.

అడుగులు ఆగాయి. "నేనే హైమా," అంది తలుపు అవతలి గొంతు.

మా ఆయన గొంతే. తలుపు తీస్తే చేతిలో క్యారేజీతో, మెడ నిటారుగా పెట్టుకుని నిలబడి ఉన్నారు, నెత్తిన బరువున్నవాళ్లు నిలబడేలాగా. లోపలికొచ్చి కుర్చీ దాకా నడుస్తుంటే చూశాను. పాదం మొత్తం ఒకేసారి నేలకి ఆనిస్తున్నారు. మోకాళ్లు పెద్దగా వంగడం లేదు. మనిషి నడుము కింద నుంచి మాత్రమే కదులుతున్నారు. మా వీధిలో చేపలమ్మేవాళ్ల నడక అది. నేను పొరపడ్డానంటే వింతేమీ లేదు.

"ఇవాళ ఎవరు?" అన్నాను.

"అప్పలనర్సమ్మ అని, హార్బర్ నుంచి వచ్చింది. కాఫీ తాగేసరికి పోతుందిలే."

నిజంగానే పోయింది. గ్లాసు వంటింట్లో పెట్టడానికి వచ్చినప్పుడు మా ఆయన మళ్లీ మా ఆయనలాగే నడిచారు. ఇద్దరం నవ్వుకున్నాం. అవి మొదటి రోజులు.

మా ఆయన డాక్టర్ శశిభూషణరావు. విశాఖపట్నంలో ఎముకల డాక్టర్లు చాలామందే ఉన్నారు గానీ, చీలమండలూ పాదాలూ మాత్రమే చూసేవాళ్లు తక్కువ. ఆయనకి మొదట్నుంచీ ఒకటే గొడవ. రోగి నడుస్తుంటే నొప్పంటాడు, మనం పడుకోబెట్టి స్కాన్ తీస్తాం. పడుకున్న కాలు నిజం చెప్పదు, అనేవారు. పాదంలో చిన్న చిన్న ఎముకలు బోలెడు. వాటిని పట్టి ఉంచే లిగమెంట్లు ఒంటి బరువు పడ్డ ఆ ఒక్క క్షణంలోనే తమ లోపం బయటపెడతాయి. స్కాన్‌లో అంతా బాగానే ఉంటుంది, మనిషి కుంటుతూనే ఉంటాడు, ఇంట్లోవాళ్లు నటన అంటారు.

అందుకే ఆయనా, టెక్నీషియన్ నూకరాజూ కలిసి ఆయన క్లినిక్ వెనకున్న షెడ్డులో ఏళ్ల తరబడి కూర్చుని తొడుగు తయారుచేశారు. చూడ్డానికి పిక్కల దాకా వచ్చే మందపాటి మేజోళ్లు, అంతే. ఒక జత రోగికి, ఒక జత డాక్టరుకి. రోగి నడుస్తుంటే అతని కీళ్లలో ఎక్కడ ఎంత బరువు పడిందో, ఏ నరం ఏం చెప్పిందో అదంతా డాక్టరు కాలి నరాలకి అందుతుంది. ఆ తర్వాత డాక్టరు లేచి నడిస్తే రోగి నడకే వస్తుంది. రోగి నొప్పే వస్తుంది. అప్పుడిక సందేహం లేకుండా వేలు పెట్టి చూపించవచ్చు. తొడుగు తీశాక కూడా ఆ నడక కాసేపు ఆయన కాళ్లలో నిలిచేది.

మా ఆయన సొంత నడక నాకు ఎంత బాగా తెలుసో చెప్పాలంటే మా మెట్ల గురించి చెప్పాలి. కొండవాలున కట్టిన ఇల్లు. మా వాటా మేడ మీద. మెట్లు బయటి నుంచి, మధ్యలో ఒక మలుపు. మలుపు దగ్గర రెండు వరసలూ కలవకపోతే మేస్త్రి మిగిలిన ఎత్తునంతా ఒక్క మెట్టుకే పెట్టేశాడు. కొత్తవాళ్లందరూ దాని మీద తట్టుకుంటారు. గ్యాస్ బండ తెచ్చే అతనైతే ప్రతిసారీ ఆ మేస్త్రి వంశాన్ని తిడతాడు. మా ఇద్దరికీ అది కనపడదు. కాలు దానంతటదే అక్కడ ఎత్తుగా లేస్తుంది. మా ఆయన కుడి చెప్పు కాస్త ఈడుస్తారు, మడమ బయటి అంచు ముందు తగులుతుంది. ఆ ఎత్తు మెట్టుని మాత్రం ఏదో కోపమున్నట్టు గట్టిగా తొక్కుతారు. ఆ టప్పుమన్న చప్పుడు వినగానే పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని. పిల్లలు లేని ఇల్లు మాది. రోజంతా నేను ఎదురుచూసే చప్పుడు అదొక్కటే.

*

ఒకరోజు ఆయన క్యారేజీ మర్చిపోయి వెళితే తీసుకుని షెడ్డుకి వెళ్లాను. అప్పలనర్సమ్మ అక్కడే ఉంది, రెండోసారి చూపించుకోవడానికి వచ్చింది. మొదటిసారి ఆమె వెళ్లిపోయాకే మా ఆయన ఆ నడక నడిచి చూశారట, నొప్పి చీలమండలో అనుకున్నారట. ముక్కుకి రెండు వైపులా బేసరులు, చెవులకి పెద్ద దుద్దులు. కాళ్లకి తొడుగు వేసుకుని బల్ల మీద కూర్చుని, నూకరాజుతో పోట్లాడుతోంది.

"నా కాలు బాబు తొడుక్కుంటాడా? మరి నాకేటుంటాది?"

"నీది నీకే ఉంటాది. ఆయన నకలు తీసుకుంటారంతే," అన్నాడు నూకరాజు. రిటైర్మెంట్ దగ్గర పడ్డ మనిషి, ఎవరితోనైనా వాళ్ల యాసలోనే మాట్లాడతాడు.

"నకలు తీస్తే అసలు అరిగిపోదా?"

"నీ కాలు అరిగేటట్టుంటే ఈపాటికి హార్బర్ రోడ్డు మీదే అరిగిపోయుండేది."

మా ఆయన లేచి నడిచారు. ఆ షెడ్డులో ఈ చివరి నుంచి ఆ చివరికి అప్పలనర్సమ్మ నడక వెళ్లి, తిరిగి వచ్చింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో! అచ్చు నానాగే నడుస్తన్నాడు. గంప నెత్తినెట్టండి, ఈదిలోకెల్లిపోతాడు."

అందరూ నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. మధ్యలో ఆగి, ఎడమ పాదం పట్టుకుని కూర్చుండిపోయారు. ముఖమంతా చెమట. పాదం మధ్యలో, వంపు మొదలయ్యే చోట వేలు పెట్టారు.

"చీలమండ కాదు నూకరాజూ, ఇక్కడ. రెండు ఎముకల మధ్య చిన్న లిగమెంట్ తెగింది. అడుగు వేసినప్పుడల్లా ఎముకలు విడిపోతున్నాయి." తర్వాత ఆమె వైపు తిరిగి, "దీంతో గంప మోస్తున్నావా అమ్మా?" అన్నారు.

అప్పలనర్సమ్మ నవ్వు ఆగిపోయింది. "మరి నాను సెప్తే ఎవులూ నమ్మలేదు బాబూ," అంది. కళ్లు తుడుచుకుంది. ఆపరేషన్ చేసి ఆ ఎముకల్ని కలిపి బిగించారు, కొన్ని వారాలు కాలు కింద పెట్టనివ్వలేదు. తర్వాత ఆమె గంపెత్తుకుని మా మెట్లెక్కి వచ్చి వంజరం చేపలు ఇచ్చి వెళ్లింది. ఆ ఎత్తు మెట్టు మీద తట్టుకుని, ఆమె కూడా మేస్త్రిని తిట్టింది.

షెడ్డుకి వెళ్లిన ఆ రోజే నాకు ఇంకొకటి కూడా తెలిసింది. ప్రతి ఉదయం మొదటి రోగి రాకముందు, నూకరాజు మిషన్‌కి అగరొత్తి చూపించాక, మా ఆయన తొడుగు వేసుకుని షెడ్డులో ఊరికే ఒకసారి నడుస్తారట. సున్నా కట్టడం అంటారు దాన్ని. ఏమీ తేడా లేని కాలు అంటే ఎలా ఉంటుందో మిషన్‌కి చెప్పాలి కదా, ఆయన కాలే ఆ లెక్క. నూకరాజు నాకర్థమయ్యేలా చెప్పాడు. "కొట్లో నూనె తూచేముందు ఖాళీ గిన్నె పెట్టి కాటా సున్నా చేస్తారు చూడండమ్మగారూ, ఆ గిన్నె సారు కాలు."

*

ఎప్పుడు మారిందో సరిగ్గా చెప్పలేను. రోగులు పెరిగారు. శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి కూడా వచ్చేవాళ్లు. రోజుకొకరి నడక ఇంటికొచ్చేది. ఒక కండక్టరు కాళ్లు ఎడంగా పెట్టుకుని, కదిలే బస్సులో నిలబడ్డట్టు మెట్లెక్కాడు. పరుగు పందేల అమ్మాయి ఒకతె మునివేళ్ల మీద వచ్చింది. ఒక ముసలాయన ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టి, ఓపిక కూడదీసుకుని వచ్చాడు. తలుపు తీస్తే ప్రతిసారీ మా ఆయన ముఖమే. అలసిపోయి, క్యారేజీ అందిస్తూ.

కాఫీతో పోయేది రాత్రి భోజనం దాకా ఉండసాగింది. తర్వాత నిద్రతో గానీ పోయేది కాదు. పాలు ఎప్పుడు పెట్టాలో నాకు తెలియడం మానేసింది. తలుపు తట్టాక పెట్టేదాన్ని. ఆయన కుర్చీలో కూర్చుని ఎదురుచూసేవారు, చుట్టం వచ్చినట్టు.

ఒక ఆదివారం ఉదయం నేను పువ్వులు కోస్తూ డాబా మీదున్నాను. ఆదివారం రోగులుండరు. కింద హాల్లో ఎవరో నడుస్తున్నారు. అది కండక్టరు కాదు, ముసలాయన కాదు, ఆ అమ్మాయీ కాదు. అందరూ కొంచెం కొంచెం. ఒక అడుగు ఎవరిదో, తర్వాతి అడుగు ఇంకెవరిదో. పువ్వుల బుట్ట పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడి విన్నాను. ఆ అడుగుల్లో ఒక్కటైనా ఆయనది వస్తుందేమోనని.

రాలేదు.

కిందికి దిగి, "ఏమండీ, మీ నడక ఏది?" అని అడిగాను. ఆ ప్రశ్న ఎంత వింతగా ఉందో నాకే వినిపించింది.

"ఉందిగా," అన్నారు పేపర్లోంచి తలెత్తకుండా.

అదే వారంలో ఒక పోస్ట్‌మ్యాన్ వచ్చాడట. కుడి చీలమండ నొప్పి అని అతను చెబుతూనే ఉన్నాడు. మా ఆయన తొడుగు వేసుకుని నడిచి, నొప్పి ఎడమ కాలిదని తేల్చి, ఇంజెక్షన్ ఎడమ కాలికే సిద్ధం చేశారు. "సార్, కుడిది సార్, నా కాలండీ అది," అని అతను బతిమాలుకుంటే, సూది పట్టుకున్న మా ఆయన చేతిని నూకరాజు ఆపాడు. ఆ సంగతి నూకరాజు నాకు ఫోన్‌లో చెప్పాడు.

"గిన్నె మారిపోయిందమ్మగారూ," అన్నాడు చివరికి. "రోజూ సారు కాలుకే సున్నా కడుతున్నాం. సారు కాలే సారుది కాకపోతే, ఇక తూకం ఏముంటుంది?"

మర్నాటి సాయంత్రం ఆయన మా మెట్ల మీద పడిపోయారు. ఆ ఎత్తు మెట్టు దగ్గరే. ఇన్నేళ్లలో మొదటిసారి ఆయన కాలు దాన్ని గుర్తుపట్టలేదు. నేను పరుగెత్తుకెళ్లేసరికి మలుపులో గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. క్యారేజీ గిన్నెలు కింద గేటు దాకా దొర్లుకుంటూ పోయాయి. నుదురు చిట్లింది, మణికట్టు వాచింది. వాటి గురించి ఆయన ఏమీ అనలేదు. మెట్టు వైపు చూస్తూ, "ఇది ఎప్పుడు కట్టారు?" అన్నారు.

*

నరాల డాక్టర్ సుభాషిణి గారు ఆయన్ని చాలాసేపు నడిపించి చూశారు. "మెదడుకి ఒక నడక అంటూ ఉండాలి. మీకు చాలా ఉన్నాయి, అంటే ఒక్కటీ లేదు. ఇలాగే వదిలేస్తే ఈసారి మణికట్టుతో పోదు, తుంటి విరుగుతుంది," అన్నారు. మందేమిటని నేనడిగాను. మందు లేదు. ఏదో ఒక నడకని వారాల తరబడి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తొడుగులో వేసుకుని తిరగాలి. అది కుదురుకున్నాక తొడుగు జోలికి మళ్లీ పోకూడదు.

"అయితే ఆయన నడకే ఆయనకివ్వండి," అన్నాను.

అప్పుడు తెలిసింది. మిషన్‌లో అందరి నడకలూ ఉన్నాయి. అప్పలనర్సమ్మది ఉంది, కండక్టరుది ఉంది, పోస్ట్‌మ్యాన్‌ది ఉంది. మా ఆయనది లేదు. ఆయనది సున్నా కదా, సున్నాని మిషన్ లెక్కలోంచి తీసేస్తుందే గానీ దాచదు. ఇవాళ్టి సున్నా నిన్నటి సున్నాని చెరిపేస్తుంది. ఖాళీ గిన్నె బరువు ఎవరు రాసి పెట్టుకుంటారు?

ఇంటికొచ్చి అటక మీదున్న సామానంతా దింపాను. పాత ట్రంకుపెట్టె వెనకాల ఆయన తోలు చెప్పులు దొరికాయి, తెగిపోయి కుట్టించాలని పెట్టి మర్చిపోయినవి. దుమ్ము దులిపి ఆయన ముందు పెట్టాను. అరిగిన చెప్పు చూసి మనిషి నడక చెప్పడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

చెప్పులు తిరగేసి, కళ్లజోడు పైకెత్తి చూశారు.

"ఈయన మడమ బయటి అంచు ముందు ఆనిస్తాడు. కుడి పాదం ఈడుస్తాడు కాస్త. పెద్ద సమస్యేం కాదు. చిన్నప్పుడు ఎప్పుడో పెద్దవాళ్ల చెప్పులేసుకుని తిరిగి ఉంటాడు, ఆ అలవాటు మిగిలిపోయింది." ఇంకా తిప్పి చూశారు. "చకచకా నడిచే మనిషి. ఇంటికెళ్లే తొందరున్నవాడు."

"అవి మీ చెప్పులండీ," అన్నాను.

తలెత్తి నా వైపు చూశారు. ఆ చెప్పులు తొడుక్కుని హాల్లో నడవడానికి ప్రయత్నించారు. కుడి పాదం ఈడ్చారు, మడమ అంచు ఆనించారు. చూసి నేర్చుకున్న నృత్యంలా ఉంది. ఒకసారి పట్టు తప్పితే నేను పట్టుకున్నాను. చెప్పులు విప్పేసి, జాగ్రత్తగా జత కలిపి గోడవార పెట్టారు, ఎవరో మర్చిపోయి వెళ్లినవి అన్నట్టు.

ఆ పరుగు పందేల అమ్మాయి నడక అన్నిటికన్నా మంచిదని నూకరాజు అన్నాడు. అది వేసుకుని మా ఆయన బీచ్ రోడ్డులో చక్కగా నడిచారు, వెనకపడ్డ నేను అందుకోలేకపోయాను. ఇంటికొచ్చాక మెట్లు రెండేసి ఎక్కబోయి మళ్లీ ఆ మెట్టు మీదే తట్టుకున్నారు. చదునుగా ఉన్న చోటంతా ఆ నడక బాగుంది. మా ఇల్లే దానికి తెలియదు. గడప తెలియదు, స్నానాల గది ముందున్న పల్లం తెలియదు, డాబా మీద తీగల కిందికి ఎక్కడ వంగాలో తెలియదు.

నూకరాజు ఆయనకి గ్లాసుతో మంచినీళ్లిస్తూ, "ఆయుధ పూజకి మిషన్‌కి బొట్టు పెట్టాం గానీ, సారు కాలికి పెట్టలేదమ్మగారూ. అక్కడే వచ్చింది తేడా," అన్నాడు. నవ్వించాలనే అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

"ఈ ఇల్లు తెలిసిన కాలు ఇంకొకటి ఉంది కదా," అన్నాను నేను.

ఇద్దరూ నా వైపు చూశారు. తర్వాత నా పాదాల వైపు చూశారు.

*

నూకరాజు మిషన్ పెట్టెని మా ఇంటికే మోసుకొచ్చాడు. తొడుగు వేసుకుని రోజూ ఎలా తిరుగుతానో అలాగే తిరిగాను. వంటిల్లు, పూజ గది, బాల్కనీ, బట్టలారేసే డాబా. కింద గేటు దాకా దిగి, పాల ప్యాకెట్లు తీసుకుని పైకెక్కాను. ఎవరూ చూడకుండా ఇన్నేళ్లు చేసిన పనులన్నీ ఇద్దరు మగవాళ్లు గుడ్లప్పగించి చూస్తుంటే చేయడం ఇబ్బందిగానే ఉంది. కాలివేళ్లకి మెట్టెలున్నాయి, తీయమన్నాడు నూకరాజు. "అవి కూడా నడకలో భాగమేలే, ఉండనీ," అన్నారు మా ఆయన.

తర్వాత ఆయన తొడుగు వేసుకున్నారు. గేటు దాకా దిగి, ఎక్కడం మొదలుపెట్టారు. నేను పైన గుమ్మంలో నిలబడి విన్నాను.

నా అడుగుల చప్పుడు నేనెప్పుడూ బయటి నుంచి వినలేదు. చిన్న అడుగులు. తొందర లేనట్టుంటాయి గానీ లేక కాదు. మలుపు దగ్గరికొచ్చి ఆగాయి. ఎప్పుడూ ఆగుతాయి అక్కడ. ఎవరైనా చూస్తుంటే కుచ్చెళ్లు సర్దుకుంటున్నట్టు వంగుతాను.

అడుగులు ముందుకి రాలేదు. నేను మలుపు దాకా దిగాను. మా ఆయన గోడ పట్టుకుని, ఎడమ పాదం గాల్లో ఉంచి నిలబడి ఉన్నారు. అప్పలనర్సమ్మ నడకలో కూర్చుండిపోయిన రోజు ముఖం అది.

"ఇది ఎప్పట్నుంచి?" అన్నారు.

"పెళ్లికి ముందు నుంచే."

"బయటి లిగమెంట్ పూర్తిగా సాగిపోయి ఉంది. అడుగు తీసి అడుగేస్తే చీలమండ జారుతోంది. జారకుండా ప్రతి అడుగూ పట్టి పట్టి వేస్తున్నావు. ఈ నొప్పితో... రోజూనా?"

"చలికాలంలో ఎక్కువ."

"నాకెప్పుడూ చెప్పలేదే!"

ఏం చెప్పను? పెళ్లైన కొత్తలో బిడియం, తర్వాత అలవాటు. రోజంతా కాళ్లే చూసి ఇంటికొచ్చిన మనిషి ముందు మళ్లీ ఒక కాలు పెట్టడం ఎందుకనిపించేది.

"మీరు అడగలేదు," అన్నాను.

నూకరాజు గేటు దగ్గర నిలబడి పైకి చూస్తున్నాడు. "సార్, నొప్పి తీసేసి నడక ఒక్కటే ఇవ్వచ్చేమో చూస్తాను," అన్నాడు.

మా ఆయన తలూపారు, వద్దని. "తీస్తే ఇంకేం మిగలదు నూకరాజూ. ఈ నడక మొత్తం నొప్పి చుట్టూ కట్టుకున్నది."

"మీకెందుకండీ ఆ నొప్పి?" అన్నాను.

"ఉండనీ," అన్నారు. పాదం కింద పెట్టి, పట్టి పట్టి అడుగేసి, ఆ ఎత్తు మెట్టుని ఎక్కారు. తట్టుకోలేదు.

*

ఎండలు ముదిరేసరికి నా నడక ఆయనలో కుదురుకుంది. తొడుగు తీసేసినా నిలిచింది. సుభాషిణి గారు సంతోషించారు. ఆయన మళ్లీ క్లినిక్‌కి వెళుతున్నారు, చేతులతో నొక్కి చూసి వైద్యం చేస్తున్నారు. ఇప్పుడు అక్కడ ఎవరు తొడుగు వేసుకోవాలన్నా ముందు తమ సొంత నడక దాచుకోవాలట. ఆ నియమం రాసింది మా ఆయనేనని నూకరాజు గొప్పగా చెప్పాడు.

మొదట్లో బాగానే ఉంది. మబ్బు పట్టి నా కాలు లాగడం మొదలవగానే వేడినీళ్ల సంచీ వచ్చేది. "ఎలా తెలిసింది?" అంటే, "నాకూ లాగుతోందిగా," అనేవారు. కూరగాయల సంచీ చేతిలోంచి తీసుకునేవారు. "మన కాలికి ఈ చెప్పులు పనికిరావు," అని కొత్తవి తెచ్చారు. "మన కాలు" అన్నప్పుడు ఎందుకో గుండెలో చిన్నగా గుచ్చుకుంది.

సాయంత్రం మెట్ల మీద చిన్న చిన్న అడుగులు వినపడతాయి. మలుపు దగ్గర ఆగుతాయి. ఆ ఆగడంలో చీలమండ ఎటు జారబోతోందో, ఆయన దాన్ని ఎలా సర్దుకుంటున్నారో నాకు తెలుసు. ఆ అడుగులు నావే. వస్తున్నది నేనే. నా కోసం నేను పాలెందుకు పెట్టుకుంటాను? ఆయన ఇంట్లో తిరుగుతుంటే, పక్క గదిలో నేనే తిరుగుతున్నట్టుంటుంది. ఆయన బయటికెళితే ఎవరూ లేరు. ఆయనుంటే నేనొక్కదాన్నే ఉన్నాను. ఇద్దరం ఉన్న ఇల్లని విన్నవాళ్లెవరూ అనుకోరు.

ఒకరోజు కాలు మరీ ఇబ్బంది పెట్టింది. బల్ల మీద కాలు చాపుకుని కూర్చున్నాను. ఆయన వచ్చి ఎదురుగా కూర్చున్నారు.

"పట్టీ వేసుకో. ఒంటికాలి మీద నిలబడే వ్యాయామం రోజూ చెయ్యి. సరిపోకపోతే ఆపరేషన్ చూద్దాం," అన్నారు.

"ఒకసారి చూడండి మరి."

"చూడ్డానికేముంది హైమా? అదెలా ఉందో నాకు తెలియదా?"

చెయ్యి కూడా వేయలేదు. ఆయన చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. నొప్పి ఎక్కడో, ఎంతో, ఏ వేళకి పెరుగుతుందో అన్నీ తెలుసు. ఇన్నేళ్లూ తెలియక అడగలేదు. ఇప్పుడు తెలుసు కాబట్టి ఇక అడగరు.

తర్వాత కొన్ని రోజులకి, ఆయన క్లినిక్‌లో ఉండగా, ఆటో ఎక్కి దూరంగా ఉన్న ఒక చిన్న ఆసుపత్రికి వెళ్లాను. డాక్టర్ ఫర్హానా అని, చిన్నమ్మాయి. ఎవరి భార్యనో చెప్పలేదు. స్కాన్ అడగలేదు ఆమె. కుర్చీ దగ్గరకి లాక్కుని, నా పాదం తన ఒళ్లో పెట్టుకుంది. నేను సిగ్గుపడి తీసుకోబోతే వదల్లేదు.

"ఎక్కడమ్మా నొప్పి?"

వేలు పెట్టి చూపించాను. బొటనవేలితో చుట్టూ నొక్కి, ఒక చేత్తో పిక్క పట్టుకుని, ఇంకో చేత్తో మడమని ముందుకి లాగింది. పాదం మెల్లగా జారి ముందుకొచ్చింది. కాజా సాగిపోయిన జాకెట్టు హుక్కు ఊడొచ్చినట్టు.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?"

"చాలా ఏళ్లయింది," అని మాత్రం అన్నాను. ఆమె తొందరపెట్టలేదు. టేపు అంటించి, గట్టి పట్టీ వేసి, ఏ వేలి మీద ఎంత బరువు వేయాలో దగ్గరుండి నడిపించి నేర్పింది. నడిచాను. చీలమండ జారలేదు. జారుతుందని కాచుకుని ఉన్న ఒళ్లు, జారకపోయేసరికి ఏం చేయాలో తెలియక తడబడింది. గోడ చివరిదాకా వెళ్లి, తిరిగొచ్చి, అడగకుండానే ఇంకోసారి నడిచాను.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. పైన లైటు వెలుగుతోంది, ఆయన ముందే వచ్చేశారు. గేటు వేసి మెట్లెక్కాను. అడుగులు కాస్త పెద్దవయ్యాయి. మలుపు దగ్గర ఆగాల్సిన అవసరం రాలేదు. ఎత్తు మెట్టు మీద పాదం గట్టిగానే పడింది.

లోపల కుర్చీ జరిగిన చప్పుడు.

"ఎవరండీ?" అన్నారు తలుపు అవతల నుంచి.

చేతిలో సంచీ అలాగే పట్టుకుని నిలబడిపోయాను. కొత్తవాళ్లని పలకరించే గొంతు అది. ఎంతో మర్యాదగా ఉంది.

"నేనేనండీ," అన్నాను.

తర్వాత ఆ చిన్న చిన్న అడుగులు, పట్టి పట్టి వేసుకుంటూ, తలుపు దాకా వచ్చాయి. తలుపు తీసి నా ముఖంలోకి చూశారు. తర్వాత కాలి వైపు చూశారు. చీర అంచు కింద పట్టీ తెల్లగా కనపడుతోంది.

"ఏమైంది?" అన్నారు. "నొప్పిగా ఉందా? ఎలా ఉంది? నాకు... నాకేం తెలియడం లేదు హైమా."

సంచీ గుమ్మం పక్కన పెట్టి, పై మెట్టు మీద కూర్చున్నాను. ఆయన గోడ పట్టుకుని, నా నడకతోనే నెమ్మదిగా వచ్చి నా పక్కన కూర్చున్నారు. కింద వీధిలో ఎవరో స్కూటర్ స్టార్ట్ చేసుకుంటున్నారు. ఆ చప్పుడు పోయేదాకా ఆగాను.

తర్వాత చెప్పడం మొదలుపెట్టాను. విజయనగరంలో, మా కాలేజీ హాస్టల్ వెనక గ్రౌండ్‌లో, వానకి తడిసిన నేల మీద ఆడిన ఖోఖో ఆట దగ్గర్నుంచి.